ఒక్క మీటతో మూలాధికారము: ఆండ్రాయిడు ఫోనును రూటు చేయుటను గూర్చి

విద్యార్థులారా! మన పాఠశాలకు వచ్చు పిల్లల యిండ్లలో చేతిఫోను లేని యిల్లు నేడు అరుదు. ఆ ఫోనులలో పెక్కింటిని నడుపునది ఆండ్రాయిడు. పై తరగతుల బాలురు "రూటు చేయుట" అను మాటను తఱచుగా పలుకుచున్నారు. ఒక చిన్న యాపును దింపుకొని ఒకే యొక మీట నొక్కిన చాలుననియు, అంతటితో ఫోను మన చెప్పుచేతలలోనికి వచ్చుననియు ఒకరితో నొకరు చెప్పుకొనుచున్నారు. ఈ మాటలో నిజమెంత? ఆ మీట నొక్కినప్పుడు లోపల జరుగునదేమి? నొక్కినవానికి కలుగు లాభనష్టము లెట్టివి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము. తల్లిదండ్రులును దీనిని చదువవలెనని నా కోరిక. ఏలయనగా పిల్లలు పరీక్షించి చూచు ఫోను సాధారణముగా పెద్దలదే గాని పిల్లలది కాదు.

1. రూటు అననేమి?

రూటు అను ఇంగ్లీషు మాటకు వేరు అని యర్థము. 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్సు అను వ్యవస్థను నిర్మింప నారంభించిరి. ఒకే కంప్యూటరును పలువురు పంచుకొని వాడుకొను కాలమది. ఒకని వ్రాతలను మఱియొకడు చెఱుపకుండుటకై అందు ప్రతివానికిని ఒక సంఖ్య నిచ్చి, ఎవని ఫైలుల నెవడు చూడవచ్చునో, ఎవడు దిద్దవచ్చునో నియమము లేర్పఱచిరి. ఈ నియమములకు లోబడనివాడు ఒక్కడే. వాని సంఖ్య సున్న. వాని పేరు రూటు. వాడు ఏ ఫైలునైనను చదువగలడు, దిద్దగలడు, తుడిచివేయగలడు.

1991లో ఫిన్లండు దేశపు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ యూనిక్సు పోలికను లినక్సు అను కెర్నెలును వ్రాసెను. కెర్నెలు అనగా యంత్రమునకును తక్కిన ప్రోగ్రాములకును నడుమ నుండి అన్నిటికిని అనుమతులిచ్చు గర్భభాగము. ఆండ్రాయిడు ఈ లినక్సు మీదనే కట్టబడినది. ఆండ్రాయిడు సంస్థను 2005లో గూగులు సంస్థ కొనెను. ఆండ్రాయిడుతో నడచు తొలి ఫోనైన జి1 అనునది 2008 అక్టోబరులో అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. కాబట్టి యూనిక్సు నాటి ఆ సున్న సంఖ్యగల యధికారి నేడు మీ యింటి ఫోనులో గూడ ఉన్నాడు. వాని యధికారమును సంపాదించుటనే రూటు చేయుట యందురు.

2. ఫోనులోని కట్టుబాటు

ఒక వసతిగృహమును తలచుకొనుడు. ప్రతి బాలునికిని ఒక పెట్టె, దానికొక తాళపుచెవి. ఒకని పెట్టెను మఱియొకడు తెఱువలేడు. అన్ని పెట్టెలను తెఱువగల తాళపుచెవుల గుత్తి వార్డెను యొద్ద మాత్రమే యుండును. ఆండ్రాయిడులోని యేర్పాటు సరిగా నిట్టిదే. అది ప్రతి యాపును ఒక వేఱు మనిషిగా నెంచి, 10000 మొదలుకొని ఒక్కొక్క సంఖ్య నిచ్చును. బ్యాంకు యాపు వ్రాసికొన్నది ఆటల యాపునకు కనబడదు. ఫోటోలు కావలసిన యాపు మొదట మిమ్ము నడిగి అనుమతి పొందవలెను. వ్యవస్థకు సంబంధించిన ఫైలులుండు భాగము చదువుటకే గాని వ్రాయుటకు వీలులేకుండ బిగింపబడి యుండును.

ఇందులో వింత యేమనగా, సొమ్ము పెట్టి ఫోను కొన్నవానికి గూడ ఆ గుత్తి నీయరు. రూటుగా మారుటకు యూనిక్సులో "సు" అను రెండక్షరముల చిన్న ప్రోగ్రాము కలదు. అంగడిలో అమ్ము ఫోనులలో అది పెట్టబడదు.

తొలినాళ్లలో ఈ కట్టుబాటు ఎంత వదులుగా నుండెనో తెలుపు నొక విచిత్రము కలదు. 2008 నవంబరులో జి1 ఫోను కలవారు ఒక సంగతి కనుగొనిరి. క్రొత్త పంక్తిలో "రీబూట్" అను మాటను తట్టి ఎంటరు నొక్కిన, ఫోను తనంతట తాను ఆఱిపోయి మరల వెలిగెడిది! కారణమేమనగా, నిర్మాణకాలమున ఇంజనీర్లు వాడుకొనిన రూటు ద్వారము ఒకటి మూయబడక మిగిలి యుండెను. మీటల పలకపై తట్టిన ప్రతి మాటయు చాటున దానికిని చేరుచుండెను. స్నేహితునికి వ్రాయు మాటను ఫోను ప్రభువాజ్ఞగా వినుచుండెనన్న మాట. గూగులువారు వెంటనే అప్‌డేటు నంపి ఆ ద్వారమును మూసిరి.

3. జనులు రూటును కోరుటకు కారణములు

రూటును కోరువారందఱును దుర్బుద్ధితో కోరుదురని తలంపరాదు. వారి కారణములు న్యాయమైనవే పెక్కు కలవు. తయారీదారుడు ముందే పెట్టి తీయుటకు వీలులేకుండ చేసిన యాపులను తొలగించుట ఒకటి. ఫోనులోని సర్వమును పూర్తిగా నకలు తీసికొని భద్రపఱచుకొనుట రెండవది. అన్ని యాపులలోని ప్రకటనలను ఒక్కచోటనే అడ్డగించుట మూడవది.

మన తెలుగువారికి ప్రత్యేకముగా ఇంకొక కారణ ముండెను. మొదటి ఆండ్రాయిడు ఫోనులలో చాలవానికి తెలుగు లిపి తెలియదు. ఇంటినుండి తెలుగులో సందేశము వచ్చిన, అక్షరములకు బదులు వరుసగా ఖాళీ గడులు కనబడెడివి. అక్షరరూపముల ఫైలును వ్యవస్థాభాగములో పెట్టిన గాని తెలుగు కనబడదు. ఆ భాగములో వ్రాయుటకు రూటు కావలెను. అందుచేత తన మాతృభాషను తన ఫోనులో చదువుకొనవలెనను కోరికతోనే రూటు చేసినవారు కలరు. అట్లు చేసినను, అక్షరములను కూర్చు నేర్పు ఆ పాత ఆండ్రాయిడునకు లేకపోవుటచే, ఒత్తులును గుణింతములును చెదరి కనబడుచుండెను. రూటు అక్కఱలేకయే ఒపేరా మినీ అను బ్రౌజరులో తెలుగు పుటలను బొమ్మలుగా మార్చి చూపు అమరిక యొకటి యుండెను. తెలిసినవారు దానిని వాడుకొనిరి. 2012లో వెలువడిన ఆండ్రాయిడు 4.1లో తెలుగు, కన్నడము, మలయాళము లిపులకు చోటు దొరకుటతో ఈ కష్టము క్రమముగా తీరెను.

4. ఒక్క మీట చేయు పని

ఇక ముఖ్యమైన ప్రశ్నకు వత్తము. గుత్తి యెవరికిని ఈయబడలేదు గదా. ఒక చిన్న యాపు దానిని ఎట్లు తెచ్చును? సమాధాన మొక్కటే. కట్టుబాటులో నెక్కడో ఒక కన్నము ఉండవలెను. ఒక్క మీటతో రూటు చేయు ప్రతి యాపును అట్టి కన్నమును తెలిసికొని దానిగుండ దూరునదే. రెండు ఉదాహరణములు చూడుడు.

మొదటిది 2010 నాటిది. కంప్యూటరునుండి ఫోనుతో మాటలాడుటకై ఫోనులో ఒక సేవకప్రోగ్రాము ఉండును. అది రూటుగా మేలుకొని, పిమ్మట కెర్నెలు నడిగి తన యధికారమును తగ్గించుకొని సామాన్యుడుగా మారవలెను. సామాన్యుడు నడుపదగిన ప్రక్రియల సంఖ్యకు ఒక మితి కలదు. కొందఱు ముందుగనే ఆ మితి నిండువఱకు వ్యర్థప్రక్రియలను పుట్టించిరి. అప్పుడు సేవకుడు సామాన్యుడుగా మార్చుమని యడిగిన, చోటు లేదని కెర్నెలు నిరాకరించెను. సేవకుడు ఆ జవాబును చూడనే లేదు. మార్పు జరిగినదనుకొని రూటుగానే పని సాగించెను. సూపర్ వన్ క్లిక్ మొదలగు ప్రోగ్రాములు ఈ మార్గమును వాడుకొనెను. గణితము చేయు బాలు డొకడు వచ్చిన ఫలమును సరిచూడక తరువాతి మెట్టునకు పోవుట యెట్టిదో ఈ లోపము నట్టిదే.

రెండవది 2014 జూన్ మాసమున వెలువడిన టవల్‌రూట్. దీనిని రచించినవాడు జార్జి హాట్జ్ అను అమెరికా యువకుడు. ఇతడు 2007లో, తన పదునేడవ యేట, ఐఫోనును ఏ కంపెనీ సిమ్ముతోనైనను పనిచేయునట్లు చేసి పేరు పొందినవాడు. అప్పటి సామ్సంగ్ గెలాక్సీ ఎస్5 ఫోనులలో అమెరికాలోని కొన్ని కంపెనీలు అమ్మినవానిని ఎవరును రూటు చేయలేకపోవుటచే, చేసినవారికి బహుమానమీయ జనులు చందాలు వేసికొనిరి. టవల్‌రూట్ ఆ పని నెఱవేర్చెను. దాని తెరమీద ఒకే యొక మీట. దానిని నొక్కిన కొన్ని క్షణములలో పని ముగియుచుండెను.

అది దూరిన కన్నమును కనుగొన్నవాడు పింకీ పై అను మారుపేరుగల పరిశోధకుడు. ఆ కన్నము లినక్సు కెర్నెలులోనే కలదు. ఒకే వస్తువును రెండు ప్రక్రియలు ఒక్కసారి కోరినప్పుడు ఒకటి వేచియుండవలెను. అట్లు వేచియున్నవారి పట్టీని కెర్నెలు వ్రాసికొనును. ఈ యేర్పాటునకు ఫ్యూటెక్సు అని పేరు. దీనిని కచేరీ గుమాస్తా యొద్దనుండు వరుసపట్టీగా భావింపుడు. వేచియున్నవానిని ఒక వరుసనుండి మఱియొక వరుసకు మార్చుట గుమాస్తాకు తెలియును. కాని "నన్ను ఈ వరుసనుండి ఈ వరుసకే మార్పుడు" అని యెవడైన నడిగిన, కాదనవలెనని అతనికి నేర్పలేదు. అందుచే లెక్క తప్పి, మనిషి వెడలిపోయిన తరువాత గూడ పట్టీలో వాని చోటు కొట్టివేయబడక నిలిచెను. టవల్‌రూట్ ఆ ఖాళీచోటున తాను కోరిన వ్రాత వ్రాసెను. గుమాస్తా దానిని తన వ్రాతయే యని నమ్మెను. ఆ నమ్మకముతో కెర్నెలు మెమొరీని దిద్దు శక్తి ఆ యాపునకు చిక్కెను. చివరకది తన సంఖ్యను సున్నగా దిద్దుకొని, "సు" ప్రోగ్రామును వ్యవస్థాభాగములో పెట్టి తప్పుకొనెడిది. తరువాత ఏ యాపు రూటును కోరినను యజమానిని అడిగి యిచ్చుటకై సూపర్‌ఎస్‌యూ వంటి కావలి యాపును వేఱుగా పెట్టుకొనవలసి యుండెను. 2014 జూన్ 3వ తేదీకి పూర్వము నిర్మింపబడిన కెర్నెలు గల ఫోనులలోనే టవల్‌రూట్ పనిచేసెను. పిదప వచ్చినవానిలో కన్నము పూడ్చబడెను.

5. కన్నము అందఱికిని కన్నమే

పై విషయమును బాగుగా గ్రహించినవారికి ఒక సంగతి స్ఫురించును. గోడలోని కన్నము మంచివాని కొకటి, దొంగ కొకటి వేఱుగా నుండదు. యజమాని తన మేలునకై వాడుకొనిన మార్గమునే దుర్మార్గుడు యజమానికి తెలియకుండ వాడుకొనగలడు. ఇది ఊహ కాదు, జరిగిన సంగతి.

2011 మార్చిలో గూగులువారి యాపుల అంగడిలోనే డ్రాయిడ్‌డ్రీమ్ అను దొంగ ప్రోగ్రాము ఏబదికి మించిన యాపులలో దాగి యున్నట్లు బయటపడెను. అది రూటు సంపాదించుటకు వాడిన మార్గములలో మనము పైన చెప్పుకొనిన 2010 నాటి మార్గ మొకటి. గూగులువారు ఆ యాపులను అంగడినుండి తీసివేయుటయే గాక, జనుల ఫోనులనుండియు దూరమునుండియే తొలగింపవలసి వచ్చెను. 2016 నవంబరులో చెక్ పాయింట్ అను భద్రతాసంస్థ గూలిగన్ అను మఱియొక దొంగ ప్రోగ్రామును గూర్చి ప్రకటించెను. అది పది లక్షలకు పైబడిన గూగులు ఖాతాలను వశపఱచుకొని, యజమానుల పేర యాపులను దింపి వానికి మెప్పులు వ్రాయుచుండెను. అది ఎక్కిన మెట్లలో టవల్‌రూట్ ఒకటి! రెండేండ్లకు పూర్వమే పూడ్చబడిన కన్నము, అప్‌డేటులు చేరని పాత ఫోనులలో అట్లే తెఱచియుండుట వలన ఈ కీడు సంభవించెను.

6. రూటు చేసినవానికి కలుగు నష్టములు

వసతిగృహపు పోలికను మరల తలచుకొనుడు. గుత్తిని పొందిన యాపు ఎవని పెట్టెనైనను తెఱువగలదు. సందేశములుగా వచ్చు ఓటీపీలు, దాచుకొన్న ఫోటోలు, ఖాతాల గుర్తులు, ఏవియు దానికి మఱుగు కావు. మీట నొక్కిన యాపును వ్రాసినవా డెవడో మీకు తెలియదు. ఒక్క మీటతో ముగియు పనిలో లోపల నేమేమి పెట్టబడెనో చూచుటకు మీకు అవకాశమే లేదు. సులభత్వమే ఇందలి ప్రధానమైన అపాయము.

రెండవది, బ్యాంకు యాపులును యూపీఐ యాపులును పెక్కు రూటైన ఫోనును గుర్తించి పనిచేయ నిరాకరించును. ఆ ఫోనుతోనే తండ్రి సరకులవానికి సొమ్ము చెల్లించుచు, తల్లి తన జీతమును చూచుకొనుచు నుండిన యెడల, కుమారుని ఒక్క నిమిషపు వినోదము ఇంటిల్లిపాదికిని చిక్కు తెచ్చును.

మూడవది, వ్యవస్థాభాగము మారిన ఫోనునకు తయారీదారుడు పంపు అప్‌డేటులు సరిగా ఎక్కకపోవచ్చును. పని నడుమ చెడిన ఫోను వెలుగకయే పోవచ్చును. అట్టిదానిని "ఇటుక" అయినదని పరిహాసముగా చెప్పుదురు. వారంటీకిని భంగము కలుగవచ్చును. 2013 నుండి సామ్సంగ్‌వారి పెక్కు ఫోనులలో నాక్సు అను కావలి కలదు. తమ ముద్ర లేని వ్యవస్థను ఎక్కించిన వెంటనే, లోపలి యొక సూక్ష్మమైన ఫ్యూజు శాశ్వతముగా కాలును. తరువాత ఫోనును ఎంత యథాస్థితికి తెచ్చినను ఆ గుర్తు చెరగదు; సామ్సంగ్ పే, రహస్య ఫోల్డరు మొదలగునవి అందు మరల పనిచేయవు.

7. నేటి స్థితి

అనుభవము వలన ఆండ్రాయిడు క్రమముగా దృఢపడెను. 2014లో వచ్చిన ఆండ్రాయిడు 5 నాటికి ఎస్‌ఈలినక్సు అను రెండవ కట్టుబాటు సంపూర్ణముగా అమలయ్యెను. దాని ప్రకారము సున్న సంఖ్య కలవాడు గూడ తనకు నియమింపబడిన పనిని మించి చేయలేడు. 2015 ఆగస్టున గూగులువారు నెలనెలకు భద్రతాలోపములను ప్రకటించుచు సవరణల నీయ నారంభించిరి. 2016లో వచ్చిన ఆండ్రాయిడు 7 మొదలు, ఫోను వెలుగునప్పుడే వ్యవస్థాభాగము మారినదా యని పరీక్షించి, మారిన యెడల నడచుటకు నిరాకరించు నియమము కఠినముగా పాటింపబడుచున్నది.

అందుచే నేడు రూటు కోరువారు కన్నముగుండ గాక తలుపుగుండ పోవుదురు. కొందఱు తయారీదార్లు తమ ఫోనుల బూట్‌లోడరును, అనగా వ్యవస్థను మేలుకొలుపు మొదటి ప్రోగ్రామును, యజమాని కోరిన విప్పుకొన నిత్తురు. విప్పునప్పుడు ఫోనులోని సమస్తమును తుడువబడును. దొంగిలించినవాడు విప్పినను యజమాని రహస్యములు వానికి దక్కకుండుటకే ఈ నియమము. పిమ్మట 2016లో జాన్ వూ అనునతడు రచించిన మాజిస్కు వంటి సాధనముతో రూటు పొందుదురు. దీనికి కంప్యూటరును, ఓపికయు, చదివి గ్రహించు నేర్పును కావలెను. క్రొత్త ఫోనును ఒకే మీటతో రూటు చేయుదుమని పలుకు యాపులు నేడు చాలవఱకు వంచనలే యని మీరు ఎఱుగవలెను.

8. గుత్తి ఎవరిది?

"నా సొమ్ముతో కొన్న వస్తువుపై నాకు పూర్ణాధికారము ఉండవలదా?" అని మీరు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనది. అమెరికాలో 2010లో, ఫోను యజమాని తాను కోరిన ప్రోగ్రాములను నడుపుకొనుటకై కట్టుబాటును దాటుట కాపీరైటు చట్టరీత్యా నేరము కాదని మినహాయింపు నిచ్చిరి. తయారీదారుడు అప్‌డేటులు మానివేసిన పాత ఫోనునకు, బూట్‌లోడరు విప్పి లీనియేజ్ ఓఎస్ వంటి స్వేచ్ఛావ్యవస్థను ఎక్కించి ఆయుష్షు పోసినవారు ఎందఱో కలరు. 2009లో మొదలైన సయనోజెన్‌మాడ్ అను ప్రయత్నమునకు ఇది వారసురాలు. పాఱవేయదగిన దానిని పనికి తెచ్చు ఆ శ్రమ మెచ్చదగినది.

కాని అధికారము కోరువాడు దాని భారమును గూడ మోయవలెను. గుత్తి మన చేతిలో నున్నంత కాలము, పెట్టెలకు కావలియు మనదే. కావున మీకు నాలుగు నియమములు చెప్పుచున్నాను. ఒకటి, మీది కాని ఫోనును ఎన్నడును రూటు చేయకుడు. తండ్రి ఫోను తండ్రిదే. రెండు, డబ్బు లావాదేవీలు జరుగు ఫోనును ముట్టకుడు. మూడు, నేర్చుకొను కోరిక కలవారు, పెద్దల యనుమతితో, ఖాతాలు తీసివేసిన పాత ఫోనుపై, తయారీదారుడు తెఱచిన తలుపుగుండ నేర్చుకొనుడు. నాలుగు, లోపల నేమి జరుగునో వివరింపలేని మీటను నొక్కకుడు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు ఈ సంగతులు అడిగినంత మాత్రమున గద్దింపకుడు. ఇంటిలో మూలపడిన పాత ఫోను ఉన్న యెడల అది వానికిండు. యంత్రపు లోపలి సంగతి తెలిసికొనగోరు బుద్ధి చెడ్డది కాదు. దానికి తగిన వస్తువును, ప్రక్కనొక పెద్దయు ఉండవలెను, అంతియే.

అభ్యాసమునకు ప్రశ్నలు

1. ఆండ్రాయిడు ప్రతి యాపునకు వేర్వేరు సంఖ్య నిచ్చుట వలన ప్రయోజనమేమి?
2. 2010 నాటి లోపమునకును, ఫలమును సరిచూడని గణితమునకును గల పోలికను మీ మాటలలో వ్రాయుడు.
3. టవల్‌రూట్ దూరిన కన్నమే గూలిగన్‌కు ఎట్లు ఉపయోగపడెను? ఆ కీడును తప్పించుటకు ఏమి చేసియుండవలెను?
4. బూట్‌లోడరు విప్పునప్పుడు ఫోనులోని సమస్తమును ఏల తుడువబడును?
5. "కొన్నవానికే గుత్తి చెందవలెను" అను మాటకు అనుకూలముగా మూడు, ప్రతికూలముగా మూడు కారణములు వ్రాసి, మీ యింటి పెద్దలతో చర్చింపుడు.